తోటలో ఇసుకరాయి పలకలు: సీలర్ వెంటనే కొట్టాలా, అసలు వద్దా?

తోటబాట
ఇంటి వెనక తోటలో కూర్చునే చోటుకు ఇసుకరాయి పలకలు వేయిద్దామనుకుంటున్నాం. ఒక పక్క పెద్ద చెట్టు, మధ్యాహ్నం దాటాక ఎండ పెద్దగా పడదు. రెండు నమూనాలు తెచ్చుకున్నాం. ఒకటి లేత ఆకుపచ్చ కలిసిన తెలుపు, దాని మీద ఫెర్న్ ఆకు ముద్రల్లాంటి నల్లని గీతలున్నాయి. రెండోది ఎరుపు, గోధుమ చారలది. అమ్మే ఆయన ఏమంటాడంటే, వేసిన వెంటనే యాసిడ్‌తో కడిగి అదే వారంలో సీలర్ (నీళ్ళు, మరకలు ఇంకకుండా రాయికి పూసే మందు) కొట్టేస్తే ఇక చూసుకోనక్కర్లేదట. కానీ మాకు తెలిసినవాళ్ళు ఇదే రాయి వేయించారు. ఇప్పుడు ప్రతి పలక మీదా ముదురు రంగు గుండ్రని మచ్చలు, అంచుల దగ్గర తెల్లటి పొడి, నీడ వైపు నల్ల చుక్కలు. ఎంత కడిగినా పోవట్లేదు. అది చూసినప్పటి నుంచి టెన్షన్ పట్టుకుంది. లోపం రాయిదా, పనిదా? ఏ రంగు తీసుకోవాలి? సీలర్ సంగతేంటి?

మెరుపుకావాలి
సీలర్ కొట్టించండి, ఆలోచించకండి. మా దగ్గర వేసిన దగ్గర్నుంచీ రంగు నిండుగా ఉంది, టీ ఒలికినా తుడిస్తే పోతుంది.

మేస్త్రీబాబాయి
ముందు ఆ యాసిడ్ మాట పక్కన పెట్టండి. ఇసుకరాయిలో ఇనుము ఉంటుంది, ఎరుపూ గోధుమా రంగులు దానివల్లే. యాసిడ్ తగిలితే ఆ ఇనుము కరిగి తుప్పు మరకలుగా పైకి తేలుతుంది. కొన్ని రాళ్ళలో ఇసుక రేణువుల్ని పట్టి ఉంచేది సున్నం. దాన్నైతే యాసిడ్ నేరుగా తినేస్తుంది. సిమెంటు చారలు పోవాలని కడిగి, లేత రంగు రాయంతా నారింజ రంగుకు తిప్పుకున్న తోటలు నేను చాలా చూశాను.

ఇక గుండ్రని మచ్చలు. అది పనివాళ్ళ పుణ్యం. పలక కింద నాలుగు మూలలా నాలుగు, మధ్యలో ఒకటి సిమెంటు ముద్దలు పెట్టి పైనుంచి అదిమేసి ఉంటారు. లెవెల్ తొందరగా కుదురుతుంది కాబట్టి అలా చేస్తారు. ముద్ద ఉన్నచోట తేమా ఉప్పూ ఒకలా పైకి వస్తాయి, లేనిచోట ఇంకోలా. అందుకే కింద ముద్దలు ఎక్కడెక్కడ ఉన్నాయో పైనుంచే కనిపిస్తుంది. మధ్య ఖాళీల్లో నీళ్ళు నిలుస్తాయి, చీమలు కాపురం పెడతాయి. కుర్చీ కాలు సరిగ్గా ఖాళీ మీద పడితే పలక విరుగుతుంది. కడిగితే పోయే మచ్చ కాదది.

పలక అడుగంతా మాలు, అంటే సిమెంటూ ఇసుకా కలిపిన ముద్ద, తగలాలి. మాలు పరిచి, పలక వెనక వైపు సిమెంటు పాలు పూసి, రబ్బరు సుత్తితో కూర్చోబెట్టాలి. ఒకటి రెండు పలకలు వేశాక ఒకదాన్ని ఎత్తి చూపించమనండి. వెనకంతా మాలు అంటుకుని ఉంటే పని సవ్యంగా నడుస్తున్నట్టు.

చిన్నప్రశ్న
సిమెంటు పాలు ఎందుకు? కింద మాలు ఉందిగా?

మేస్త్రీబాబాయి
పలక వెనక రాతిపొడి ఉంటుంది, దానికి మాలు గట్టిగా పట్టదు. పైగా సాంద్రత ఎక్కువ ఉన్న రాయి నీళ్ళు పీల్చదు కాబట్టి మాలు ఎండాక విడిపోతుంది. ముందు పలక వెనక కడగాలి. తర్వాత సిమెంటులో ఎస్‌బీఆర్ ద్రవం (అతుకు పెంచే రబ్బరు పాల లాంటిది) కలిపి పలుచగా పూయాలి. అది పచ్చిగా ఉండగానే మాలు మీద పెట్టేయాలి. అడుగు నుంచి తేమా ఉప్పూ పైకి రాకుండా కూడా కొంత ఆపుతుంది.

రాతిపలక
బాబాయి పని గురించి చెప్పారు, నేను రాయి గురించి చెప్తాను. ఇసుకరాయిలో ఎక్కువ భాగం క్వార్ట్జ్ రేణువులు. గట్టిదనంలో క్వార్ట్జ్‌ది 10 దాకా ఉండే మోహ్స్ కొలతలో 7, అంటే రేణువు అరిగే సమస్య దాదాపు లేదు. తేడా అంతా ఆ రేణువుల్ని అతికించిన పదార్థంలో ఉంది. సిలికా (క్వార్ట్జ్ కూడా ఇదే పదార్థం) అతికిస్తే రాయి గట్టిది. ఇనుప ఆక్సైడ్ అయితే ఫరవాలేదు. కాల్సైట్, అంటే బాబాయి చెప్పిన సున్నం, అయితే యాసిడ్‌కి లొంగిపోతుంది. బంకమట్టి ఎక్కువుంటే తడికి మెత్తబడి పొరలు లేస్తుంది. నలుగురూ ఇసుకరాయి అనే ఒకే పేరుతో మాట్లాడుతుంటారు గానీ ఒక ఇసుకరాయికీ ఇంకో ఇసుకరాయికీ పొంతన ఉండదు.

కాబట్టి రంగు చూసి కొనకండి. నమూనా ముక్క ఇంటికి వచ్చింది కదా, ఇవి చేయండి. పూర్తిగా ఆరబెట్టి తూచండి. 24 గంటలు నీళ్ళలో ముంచి, పైన తుడిచి మళ్ళీ తూచండి. పెరిగిన బరువును పొడి బరువుతో భాగించి 100తో గుణిస్తే నీటి పీల్పు శాతం వస్తుంది. అమెరికా ప్రమాణం ఏఎస్‌టీఎం సీ616 మామూలు ఇసుకరాయికి 8 శాతం దాకా ఒప్పుకుంటుంది, క్వార్ట్జ్ ఎక్కువుండే గట్టి రకానికి 3 శాతం, క్వార్ట్జైట్‌కి 1 శాతం. నీడపట్టు తోటకి నేనైతే 3 లోపు ఉన్నదే చూస్తాను.

తర్వాత ముక్కను వేలాడదీసి పట్టుకుని చిన్న సుత్తితో తట్టండి. ఖంగుమంటే మంచిది. డొల్ల శబ్దం వస్తే లోపల పొర విడిపోయి ఉండొచ్చు. ఒక మూలలో రెండు చుక్కలు వెనిగర్ వేయండి. నురగ వస్తే సున్నం ఉన్నట్టు.

కొలతబద్ద
ఆ ఫెర్న్ ఆకు ముద్రలు శిలాజాలు అని చెప్పి అమ్ముతుంటారు, కాదు. రాతి పొరల మధ్య పగుళ్ళలో మాంగనీస్, ఇనుము ఆక్సైడ్లు కొమ్మలు కొమ్మలుగా పేరుకుంటాయి. డెండ్రైట్లు అంటారు. అందంగా ఉంటాయి, అది నిజం.

పేర్లను కూడా నమ్మకండి. కాండ్లా గ్రే అని ప్రపంచమంతా అమ్ముడయ్యే బూడిద రంగు రాయి ఉంది. కాండ్లా గుజరాత్‌లోని ఓడరేవు. రాయి రాజస్థాన్‌ది, రేవు పేరు దానికి అంటుకుంది. ఒకే పేరు మీద వేర్వేరు క్వారీల రాయి వస్తుంది. నమూనా మీద చేసిన పరీక్షను వచ్చిన సరుకు మీద మళ్ళీ చేయండి.

గోడపక్క
ఇంత లెక్కలెందుకండీ? ఎర్రకోట ఇసుకరాయే. ఫతేపూర్ సిక్రీ ఇసుకరాయే. సీలర్ ఎవరు కొట్టారు, తూకం ఎవరు వేశారు?

రాతిపలక
గోడ నిలువుగా ఉంటుందండీ. వాన పడితే జారిపోతుంది, గాలికి ఆరుతుంది. నేల మీద పలక పడుకుని ఉంటుంది. పైన నిలిచిన నీళ్ళూ, కింద నేల తేమా, రెండూ దానివే. రాయి ఒకటే అయినా బతుకు వేరు. ఆ రోజుల్లో పరీక్ష లేదనడం కూడా సరికాదు. ఏ పొర రాయి తీయాలో, ఏది పక్కన పడేయాలో క్వారీ మనుషులకి చేతికి తెలుసు. బాదామి గుహలు 6వ శతాబ్దంలో ఇసుకరాతి కొండలో తొలిచినవి. అక్కడ కూడా కొన్ని శిల్పాలు నిక్కచ్చిగా నిలిచాయి, కొన్నిచోట్ల పెచ్చులు ఊడాయి. ఒకే కొండలోనే అంత తేడా ఉంది.

గోడపక్క
నిలువు, అడ్డం సంగతి ఒప్పుకుంటున్నా. అది ఆలోచించలేదు.

ఉత్తరగాలి
మేముండేది చలికాలంలో నీళ్ళు గడ్డకట్టే చోట. నీరు మంచుగా మారితే దాదాపు 9 శాతం పెరుగుతుంది. రాయి రంధ్రాల నిండా నీళ్ళుంటే ఆ ఒత్తిడికి పై పొర పలుచని రేకుల్లా లేస్తుంది. మా పక్కింట్లో సరిగ్గా అదే అయింది, నీళ్ళు బాగా పీల్చే రాయి వేశారు. చలి ప్రాంతాలవాళ్ళు ఆ తూకం పరీక్ష తప్పకుండా చేయాలి.

తోటబాట
తూకం వేశాను. ఎర్రది నీళ్ళు పోయగానే తాగేసింది, 5 శాతం చిల్లర వచ్చింది. లేత రంగుది 2కి లోపే. రెండింటికీ వెనిగర్‌తో నురగ రాలేదు. మరి లేత రంగుది తీసుకోవచ్చా?

నీడచెట్టు
ఆగండి. తూకంలో నెగ్గింది సరే, మీది నీడ. లేత రంగు మీద నల్ల చుక్కలు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. మీకు తెలిసినవాళ్ళింట్లో నీడ వైపు వచ్చాయన్నారే, అవి మురికి కాదు, లైకెన్, అంటే శిలీంధ్రమూ నాచూ కలిసి రాయి మీద పెరిగే జీవి. రాతి రంధ్రాల్లోకి పాతుకుంటుంది కాబట్టి పై నుంచి ఎంత రుద్దినా అడుగు మిగిలిపోయి మళ్ళీ పెరుగుతుంది. పచ్చగా జారుడుగా ఉండే పాకుడు వేరు, అది బ్రష్‌కి వచ్చేస్తుంది.

పాకుడుకి నేను వాడేది సోడియం పర్‌కార్బనేట్ పొడి. గోరువెచ్చని నీళ్ళలో కలిపి పోసి, కాసేపుంచి, గట్టి బ్రష్‌తో రుద్ది కడిగేయడమే. లైకెన్‌కి అది చాలదు. బెంజాల్కోనియం క్లోరైడ్ ఉన్న ద్రవం పొడి రోజున చల్లి వదిలేస్తే నెమ్మదిగా చచ్చి వానలకి రాలుతుంది. వారాలు పడుతుంది, ఓపిక పట్టాలి. బాగా ముదిరితే సోడియం హైపోక్లోరైట్ (బ్లీచ్ ద్రవం) వాడతారు. వాడేముందు చుట్టూ మొక్కల్ని, మట్టిని నీళ్ళతో తడిపేయండి, తర్వాత బాగా కడగండి. చేపల తొట్టి పక్కనుంటే బెంజాల్కోనియం, హైపోక్లోరైట్ రెండూ వద్దు. యాసిడ్‌తో హైపోక్లోరైట్ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది, ఊపిరితిత్తులు పోతాయి. అమ్మే ఆయన యాసిడ్ సీసా కూడా అంటగడితే రెండూ ఒకే గదిలో కూడా పెట్టకండి.

మెరుపుకావాలి
అందుకే సీలర్ అన్నాను. రంధ్రాలు మూసేస్తే లైకెన్ ఎక్కడ పాతుకుంటుంది?

మేస్త్రీబాబాయి
ఏ సీలరో చెప్పండి తమ్ముడూ. రెండు రకాలున్నాయి. పైన పొరలా ఏర్పడే యాక్రిలిక్ ఒకటి. తడి మెరుపు ఇస్తుంది, అందరికీ నచ్చేది అదే. కానీ కింద నుంచి వచ్చే తేమకి దారి ఉండదు. పొర కింద తెల్లగా మబ్బు పడుతుంది, తర్వాత పెచ్చులుగా లేస్తుంది. తీయాలంటే నరకం, తడిస్తే జారుడు. రెండోది లోపలికి ఇంకే సిలేన్, సిలోక్సేన్ రకం. పైన కనిపించదు. నీళ్ళు లోపలికి ఇంకకుండా ఆపుతుంది, లోపలి ఆవిరిని బయటికి పోనిస్తుంది. కొట్టాలంటే ఇదే కొట్టాలి.

కానీ అదే వారంలో కొట్టకూడదు. కొత్త మాలులో ఉప్పుంటుంది, ఎండే కొద్దీ పైకి తేలుతుంది. మీకు తెలిసినవాళ్ళ అంచుల్లో తెల్లటి పొడి అదే. అది బయటికి వచ్చి తీరాలి. దాని మీద సీలర్ కొడితే తెలుపు లోపలే చిక్కుపడుతుంది.

మెరుపుకావాలి
మాది యాక్రిలికే. మెరుపు కోసమే వేయించాం, రోజంతా ఎండ పడే చోటు. ఇప్పటిదాకా తెల్లబడలేదు.

రాతిపలక
ఎండ పడుతోంది, నీళ్ళు పోతున్నాయి కాబట్టి బాగుంది. తోటబాట గారిది నీడ. అదే మందు అక్కడ అలా పనిచేయదు. లోపలికి ఇంకే సీలర్ కూడా లైకెన్‌ని పూర్తిగా ఆపదు, కాస్త తేలిగ్గా వదిలేలా చేస్తుంది, అంతే. పైన దుమ్మూ ఆకుల పొడీ పేరుకుంటే దాని మీదే మొలుస్తుంది. నా మాటకైతే మొదటి ఏడాది ఏమీ కొట్టకండి. రాయి ఎలా ఉంటుందో చూడండి. ఆ తర్వాత కావాలనిపిస్తే, మిగిలిపోయిన ఒక పలక మీద ముందు పూసి, రంగు ఎంత ముదురుతుందో చూసుకుని నిర్ణయించండి.

చిన్నప్రశ్న
తెల్లటి పొడికి నీళ్ళు కొట్టి కడిగితే?

మేస్త్రీబాబాయి
కరిగి మళ్ళీ లోపలికి పోయి, ఆరాక మళ్ళీ వస్తుంది. పొడిగా ఉన్నప్పుడే గట్టి చీపురుతో ఊడ్చి, ఎత్తి బయట పారేయండి. కొన్ని నెలల్లో దానంతట అదే తగ్గుతుంది. తగ్గకుండా ఏళ్ళ తరబడి వస్తోందంటే కింద నీళ్ళు నిలుస్తున్నట్టే.

గోడపక్క
ప్రెషర్ వాషర్ మంచిదేనా? దానితో కడిగితే కళ్ళకి భలే తృప్తిగా ఉంటుంది.

నీడచెట్టు
తృప్తి నాకూ తెలుసు 🙂 కానీ సన్నని ధార దగ్గర పెట్టి కొడితే సందుల్లో మాలు లేచిపోతుంది, రాతి పై రేణువులు ఊడి గరుకు తేలుతుంది. గరుకు తేలిన చోట పాకుడు ఇంకా తొందరగా పడుతుంది. వాడక తప్పకపోతే విశాలంగా చిమ్మే మూతి పెట్టి, తక్కువ ఒత్తిడితో, దూరం నుంచి, ఏటవాలుగా కొట్టండి. తిరిగే మూతి మాత్రం పెట్టొద్దు.

కొలతబద్ద
అందరూ మందుల గురించే మాట్లాడుతున్నారు, వాటం, అంటే నీళ్ళు పారే ఏటవాలు, గురించి ఎవరూ అనలేదు. నీళ్ళు పారకపోతే ఏ మందూ ఆదుకోదు. చీలిక ముఖం, అంటే సహజంగా ఎగుడుదిగుడుగా ఉండే రాయికి 60కి 1 వాటం కావాలి. 3 మీటర్ల వెడల్పుకి 5 సెంటీమీటర్లు దిగాలి. కోసి నునుపు చేసిన రాయికి 80కి 1 సరిపోతుంది. వాటం ఇంటి గోడ వైపు ఉండకూడదు. ఇంటి పునాది తేమ అడ్డు పొర కంటే పలకల పైభాగం 15 సెంటీమీటర్లు కిందకి ఉండాలి. లేకపోతే వాన చినుకులు ఎగిరి గోడ తడుస్తూనే ఉంటుంది.

కింద మెత్తటి పైమట్టి అంతా తీసేసి, 10 సెంటీమీటర్ల కంకర పొర వేసి, పొరపొరకీ దిమ్మిస కొట్టించాలి. వాటం ఆ కంకరలోనే రావాలి. మాలు మందం పెంచి, తగ్గించి వాటం తెస్తే ఒక పక్క కుంగుతుంది.

ఉత్తరగాలి
అక్కడ నాది వేరే అభిప్రాయం. మాలు లేకుండా ఇసుక మీద పరిస్తే నీళ్ళు కిందకి ఇంకిపోతాయి, ఉప్పు సమస్యే ఉండదు. మా తోట దారి అలాగే ఉంది.

మేస్త్రీబాబాయి
మీ రాయి ఎంత మందం?

ఉత్తరగాలి
నాలుగు వేళ్ళుంటుంది. పాత బండలు.

మేస్త్రీబాబాయి
అదీ సంగతి. దాని బరువే దాన్ని పట్టి ఉంచుతుంది. ఇప్పుడు అమ్మేవి మిషన్ మీద ఒకే కొలతకి తెచ్చిన 22 మిల్లీమీటర్ల పలకలు. ఇసుక మీద వేస్తే ఊగుతాయి, విరుగుతాయి. గడ్డిలో అడుగులు వేయడానికి పరిచే బండలకి మందమైనవి దొరికితే ఇసుక మీద బాగుంటాయి, నేనూ అలాగే వేస్తాను. కారు ఎక్కే చోటైతే 22 మాట ఎత్తొద్దు.

తోటబాట
నునుపు చేసిన రకం చూస్తే ముచ్చటగా ఉంది. నీడలో జారుతుందా?

రాతిపలక
అద్దంలా మెరుగుపెట్టింది వద్దు. కోసిన తర్వాత ఇసుక చిమ్మి కాస్త గరుకు తెచ్చిన రకం అడగండి, కుర్చీలు కదలకుండా నిలుస్తాయి, పట్టు కూడా ఉంటుంది. చీలిక ముఖానికి పట్టు ఇంకా ఎక్కువ, కానీ గుంటల్లో నీళ్ళు నిలిచి నల్లబడతాయి. ముసలివాళ్ళు, పిల్లలు నడిచే చోటైతే జారడం గురించే ముందు ఆలోచించాలి. ఏ రకమైనా పాకుడు పట్టాక జారుతుంది.

నీడచెట్టు
నాదింకో మాట. గడ్డికి వేసే ఇనుప సల్ఫేట్ ఎరువు గింజలు పలకల మీద పడి తడిస్తే నారింజ మచ్చలు పడతాయి. వేసిన వెంటనే పొడిగా ఊడ్చేయండి. ఇనుప కుండీ స్టాండ్లకి రబ్బరు తొడుగులు పెట్టండి. పలకల మీద ఇనుము కోసే మిషన్ వాడనివ్వకండి, ఆ నిప్పురవ్వలే తర్వాత తుప్పు చుక్కలవుతాయి. ఆకుల మరకలకి కంగారు అక్కర్లేదు, ఎండకి వాటంతట అవే వెలిసిపోతాయి.

చిన్నప్రశ్న
రంగులు ఒక పక్క ముదురు, ఒక పక్క లేత రాకుండా ఉండాలంటే?

కొలతబద్ద
ఒక పెట్టె అయిపోయాక ఇంకో పెట్టె తెరవకండి. మూడు నాలుగు పెట్టెలు ఒకేసారి తెరిచి, ఒక్కోదాంట్లోంచి తీసి కలిపి పరచండి. ముందు పొడిగా అన్నీ పేర్చి, నీళ్ళు చల్లి చూడండి. తడి రంగు అప్పుడు బయటపడుతుంది. 60కి 90 సెంటీమీటర్ల పలక 25 మిల్లీమీటర్ల మందంలో దాదాపు 30 కిలోలు. ఒక్కరే ఎత్తకండి.

మేస్త్రీబాబాయి
ఎత్తడం కన్నా కోతకి భయపడాలి. ఇసుకరాయి అంటేనే సిలికా. పొడిగా కోస్తే లేచే పొగలో కంటికి కనిపించని ధూళి ఊపిరితిత్తుల్లో చేరి సిలికోసిస్ తెస్తుంది, దానికి మందు లేదు. రాజస్థాన్ క్వారీల్లో ఆ జబ్బు బారిన పడ్డవాళ్ళు ఎంత మందంటే, అక్కడి ప్రభుత్వం 2019లో దానికోసం ప్రత్యేక విధానమే తెచ్చింది. మీ పనివాడు బ్లేడు మీద నీళ్ళు పడే మిషన్ తెచ్చాడా లేదా చూడండి. మూతికి రుమాలు చాలదు, ధూళిని ఆపే అసలైన మాస్క్ కొని మీరే ఇవ్వండి. కిటికీలు మూసి పిల్లల్ని లోపలుంచండి. పని ఆలస్యమైనా పొడికోత మాత్రం ఒప్పుకోకండి. ఇందులో నేను ఎవరితోనూ రాజీపడను.

గోడపక్క
బాబాయ్, ఇది ఒక్కటీ పైన పిన్ చేయాలి.

తోటబాట
నీళ్ళ మిషన్ ఉన్నవాళ్ళనే పిలుస్తాను. లేత రంగు రాయే తీసుకుంటున్నాం, చెట్టు కింది కొమ్మలు రెండు తీయిస్తే ఎండ కాస్త పడుతుంది. సందులు ఎంత వదలాలి? అమ్మే ఆయన అసలు వదలొద్దు, ఆనించి వేస్తే అందంగా ఉంటుందన్నాడు.

మేస్త్రీబాబాయి
ఆనించకండి. ఎండకి రాయి సాగితే అంచులు ఒకదానికొకటి తగిలి పెచ్చు లేస్తాయి. కోసిన అంచులైతే 5 నుంచి 8 మిల్లీమీటర్లు, చేత్తో చెక్కిన అంచులైతే 10 నుంచి 15. మాలును సందు అడుగు దాకా కూరి నొక్కాలి, పైపైన గీస్తే ఒక వానాకాలం కూడా నిలవదు. పలక ముఖం మీద మాలు పడితే ఆరకముందే తడి స్పాంజితో తుడిచేయమనండి. అప్పుడు యాసిడ్ సీసాతో పనే ఉండదు.

నీడచెట్టు
కొమ్మలు తీయించే పని పలకలు వేయకముందే చేయించండి. తర్వాతైతే కొమ్మ పడి పలక పగలొచ్చు. చెట్టు మొదలు చుట్టూ ఒక వలయం మట్టిగానే వదిలేయండి, వేళ్ళు లావెక్కితే పలకల్ని ఎత్తేస్తాయి.